లీవు గ్రాంటెడ్

మొన్న కాప్రాలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో అరగంటకు పైగా కూర్చున్నాను. లోపల ఎక్కడో పై అంతస్తులో, నా దగ్గర ఒకప్పుడు ఇంగ్లీషు చదువుకున్న పిల్ల ఉంది. పిల్ల అంటున్నానే గాని ఇప్పుడు దానికి మనవలు. మోకాలికి ఆపరేషన్ అయిందంటే చూసి పోదామని బత్తాయిలు పట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర కాపలా ఉన్న పెద్దమనిషి తన ఫోన్లో నా ఫోటో తీసి, పేరడిగి రాసుకుని, ఆ రెంటినీ పైకి పంపించాడు. పైన ఉన్నావిడ తన ఫోన్లో అప్రూవ్ అన్నచోట వేలు పెడితేనే నేను లోపలికి వెళ్ళాలట. ఆవిడ చూస్తే మధ్యాహ్నం నిద్రలో ఉంది.

"మేడం ఇంకా అప్రూవ్ కొట్టలే అమ్మా. జెర కూసోండ్రి," అన్నాడాయన.

"ఒకసారి ఫోన్ చేసి లేపరాదూ?"

"చేసిన. ఎత్తుతలేదు. నేనేం జెయ్యాలె చెప్పుండ్రి?"

"ఆవిడ సాయంత్రం దాకా లేవలేదనుకో, నేనిక్కడే కూర్చుని ముసలిదాన్నయిపోవాలా?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇంకా అయ్యేదేముందమ్మా," అన్నాడు.

గేటెడ్ కమ్యూనిటీ అంటారు దీన్ని. గేటు నాకు బాగానే కనిపించింది. కమ్యూనిటీ కనిపించేసరికి బత్తాయిలు వడిలిపోయాయి. కోపం రాలేదంటే అబద్ధం. కాని కోపంకన్నా ముందు చెవిలో ఒక పాత గొంతు వినిపించింది. ఖంగుమనే గొంతు. "లీవు గ్రాంటెడ్!" మా నాన్నగారు పోయి ఇన్నేళ్ళయినా, నేను ఏ గుమ్మంలో నిలబడితే ఆ గుమ్మంలో ఆయన ఇంకా కుర్చీ వేసుకుని కూర్చునే ఉన్నారు.

నాన్నగారు సికింద్రాబాదులో ఒక మిషన్ స్కూల్లో ఇంగ్లీషు మాస్టరు. బెజవాడ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, మారేడ్‌పల్లిలో పెంకుటింట్లో అద్దెకు దిగి, అక్కడే పాతుకుపోయిన కుటుంబం మాది. తెల్లారేసరికి ఇంట్లో మూడు వాసనలు కలిసి లేచేవి: చికోరీ కలిపిన కాఫీ, ఆయన బూట్ల పాలిష్, బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద వేడెక్కే గంజి. ప్రార్థన అయ్యాక ఆయన వరండాలో పేము కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. కుర్చీ ముందు ఒక గోనెపట్టా పరిచి ఉండేది. ఇంట్లో ఎవరు గడప దాటాలన్నా ఆ పట్టా అంచున నిలబడి, ఆయన చదువుతున్న వార్త అయిపోయి కళ్ళజోడు పైనుంచి చూసేదాకా ఆగి, లీవు అడగాలి. ఆడుకోవడానికి, చర్చిలో పాటల ప్రాక్టీసుకి, పక్కింటికి పోయి పెరుగు తోడు తేవడానికి కూడా. ఇంగ్లీషులోనే అడగాలి. అమ్మ చదివింది అయిదో తరగతి, అదీ తెలుగులో. ఆవిడ తన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "లీవు అండీ, మోండాకి," అనేది. కూరలు కొనుక్కోవడానికి మోండా మార్కెట్‌కి వెళ్తానని దాని భావం. ఆయన ఎవరూ కాదనలేని గాంభీర్యంతో "లీవు గ్రాంటెడ్" అనేవారు. వంకాయల కోసం ఒక సామ్రాజ్యం సంతకం పెట్టినట్టుండేది.

కాదనడం ఎప్పుడో గాని జరిగేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయనకి కావలసింది ఆపడం కాదు, అడిగించుకోవడం. దొరల కాలంలో పెరిగి, దొరల బడిలో చదివి, దొరల భాష బతుకుతెరువైన మనిషి. ఆయన తన పైవాణ్ణి అడిగేవారు, ఆ పైవాడు ఇంకా పైవాణ్ణి అడిగేవాడు. ఆ మెట్లకి చిట్టచివర నిలబడి ఎవరినీ అడగనివాడు ఒకడుంటాడని ఆయన నమ్మకం. నేను జీవితమంతా వెతికాను, అలాంటివాడు నాకు తగల్లేదు. ప్రతివాడూ ఇంకొకడి పట్టా అంచున నిలబడ్డవాడే.

అన్నాల దగ్గర మాటల పుట్టుకలు చెప్పడం ఆయనకి సరదా. ఆ రోజుల్లో మాకు కంది పచ్చడి ఎంత అలవాటో లాటిన్ ధాతువులు అంత అలవాటు, పచ్చడే నయం. "లీవ్ అనే మాటలు రెండున్నాయి," అనేవారు ముద్ద కలుపుతూ. "ఒకటి విడిచిపెట్టడం, ఇంకొకటి అనుమతి. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి, చుట్టరికం మాత్రం లేదు. విడిచిపెట్టడం అనేదానికి అసలు అర్థం మిగిలి ఉండనివ్వడం. లైఫ్ అనే మాటది అదే కుదురు. ఇక అనుమతి అనే లీవుకి అక్కచెల్లెళ్ళెవరో తెలుసా? లవ్, బిలీవ్! ముగ్గురూ ఒక తల్లి బిడ్డలు. మనసుకి ఇష్టమై ఇచ్చేది లీవు."

"ఇష్టమైతే అడిగించుకోవడం ఎందుకండీ మరి?" అంది అమ్మ ఒకసారి.

"అడక్కపోతే ఇష్టమని ఎట్లా తెలుస్తుందోయ్?"

"చారు పోయనా?" అంది అమ్మ. వాదనలో తాను నెగ్గానని తెలిసినప్పుడల్లా ఆవిడ చారు పోసేది. మా ఇంట్లో చారు చాలా ఖర్చయ్యేది.

మన సెలవు కూడా తక్కువది కాదని నాకు తర్వాత తెలిసింది. అనుమతికీ సెలవే, బడి లేని రోజుకీ సెలవే, వీడ్కోలుకీ సెలవే. పెద్దవాళ్ళు నోరు విప్పితే "సెలవిచ్చారు" అంటాం. వాళ్ళ మాటే మనకి అనుమతి అన్నమాట. పాత తెలుగులో సెలవంటే ఖర్చు కూడా, అది మాత్రం అక్షరాలా నిజం. ఎవరి సెలవైనా మన బతుకులోంచే ఖర్చవుతుంది. ఈ మాటల పిచ్చి నాకూ అంటుకుని నేనూ ఇంగ్లీషు టీచరునే అయ్యాను. ఒక ఇంటికి ఇద్దరు నిఘంటువులు ఎక్కువని దేవుడికి తోచిందేమో, నాకు పెళ్ళి రాయలేదు.

ఇక అసలు సంగతి. బెజవాడ నుంచి అమ్మకి వరసకు తమ్ముడయ్యే ఒకాయన ఏదో పనిమీద వచ్చి, మా అమ్మమ్మకి పక్షవాతం వచ్చిందని చెప్పిపోయాడు. మంచం మీద ఉందట, మాట సరిగా రావడంలేదట, అమ్మ పేరే కలవరిస్తోందట. అవి హైదరాబాదు సంస్థానం చుట్టూ సరిహద్దులు బిగుసుకుపోయిన రోజులు. రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో, ఎక్కడ ఆగుతాయో ఎవరికీ తెలియదు. వీధిలో ఎవరైనా గట్టిగా దగ్గితే కిటికీలు మూసుకునేవి. అమ్మ ఆ రోజంతా పొయ్యి దగ్గరే కూర్చుని, సాయంత్రం పట్టా అంచున వచ్చి నిలబడింది. ఆ ఒక్కసారి ఇంగ్లీషు రాలేదావిడకి. "మా అమ్మని చూసి వస్తానండీ," అంది.

నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "తప్పకుండా వెళ్ళాలి. నేనూ వస్తాను. పద్ధతి ప్రకారం వెళ్దాం," అన్నారు. ఆ పద్ధతి మమ్మల్ని తినేసింది.

ముందు స్కూల్లో ఆయనకి లీవు కావాలి. హెడ్మాస్టరు, పై కమిటీని అడగాలన్నాడు. కమిటీలో పెద్దాయన, ఊరు అట్టుడికిపోతుంటే మాస్టర్లు ఊళ్ళు తిరగడమేమిటన్నాడు. ఇండియన్ యూనియన్‌లోకి పోవడానికి సంస్థానం వాళ్ళ పర్మిట్ కావాలని ఒకరు చెప్పారు, అలాంటిదేమీ లేదని ఇంకొకరు చెప్పారు. నాన్నగారికి "లేదు" అన్నవాళ్ళ మీద నమ్మకం కలగలేదు. అనుమతి అక్కర్లేని ప్రయాణం ఒకటుంటుందన్న ఊహే ఆయనకి అసభ్యంగా తోచింది. రోజూ బడి అయ్యాక టై సరిచేసుకుని ఏదో ఒక కచేరీకి పోయేవారు. అక్కడి గుమాస్తాలు ఆయన ఇంగ్లీషుకి లేచి నిలబడి, ఉర్దూలో రేపు రమ్మనేవారు. "ఇజాజత్ రావాలట," అనేవారు ఇంటికొచ్చి, ఆ మాట రుచి చూస్తున్నట్టు. "అనుమతి అన్నమాట, అరబ్బీ నుంచి వచ్చింది. దాటనివ్వడం అని ధాతువు." అమ్మ ఆయన మొహంకేసి చూసేది. ధాతువు తెలిసింది, దాటడం మాత్రం కాలేదు.

మా గోడకి అవతల జైనబ్ చాచీ ఉండేది. వాళ్ళాయన బొల్లారంలో మిలిటరీ వాళ్ళకి బట్టలు కుట్టే దర్జీ. మేం ఆయన్ని చాచా అనేవాళ్ళం. చాచీ తెలుగు మా తెలుగుకన్నా వేగంగా ఉండేది. గోడ మీదనుంచి తల పెట్టి, "ఏందక్కా, ఇంకా పోలేదా? అమ్మ పరేషాన్ల ఉంటే కాయితాలేంది? దొడ్డికి పోవాల్నన్నా సుత ఇజాజత్ తీసుకుంటడా మీ సారు?" అంది.

"ఊరుకో జైనబ్, పిల్ల వింటోంది," అంది అమ్మ. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజుల్లో ఆవిడ నవ్వడం అదొక్కసారే చూశాను.

తర్వాత పోలీసు యాక్షన్ వచ్చింది. పేరు చూడండి, ఫౌజు వస్తే పోలీసు అన్నారు. మాటల పుట్టుక తెలిసినవాళ్ళు ఎవరో ఢిల్లీలో కూడా ఉన్నట్టున్నారు. కిటికీలకి నల్లకాగితాలు అంటించుకుని, రేడియో ఉన్నవాళ్ళింట్లో చెవులు పెట్టుకుని కూర్చున్నాం. అది మొదలైనంత తొందరగానూ ముగిసిపోయింది. నిన్నటిదాకా ఒకళ్ళు తలెత్తి తిరిగితే, ఇవాళ ఇంకొకళ్ళు తిరగడం మొదలుపెట్టారు. చాచీ వాళ్ళ వాకిట్లో దీపం పెట్టడం మానేశారు. ఒక సాయంత్రం చాచీ, చాచా, పిల్లలు పరుపుచుట్టలతో మా పెరటి గుమ్మంలో నిలబడ్డారు. నాన్నగారు వాళ్ళని చూసి కంగారుపడి, "ఉండండి, ఉండండి. ఇది అద్దె ఇల్లు గదా. ఓనరుగారికి ఒక మాట చెప్పి..." అంటూ చొక్కా కోసం లోపలికి వెళ్ళారు. ఆయన గుండీలు పెట్టుకుని వచ్చేలోపు అమ్మ వెనక గదిలో చాపలు పరిచి, పిల్లలకి అన్నం పెడుతోంది. ఆయన చొక్కాతోనే నిలబడిపోయారు. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. అది ఆయనకి కొత్త.

ఊరు సద్దుమణిగి చాచీ వాళ్ళు తమ ఇంటికి వెళ్ళాక నాన్నగారు మళ్ళీ కచేరీకి బయల్దేరారు. రేపు రమ్మన్న గుమాస్తాలు లేరు. ఆ బల్లల వెనక కొత్తవాళ్ళు కూర్చున్నారు. ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన చెప్పింది విని అమ్మ ముద్ద కింద పెట్టేసింది.

"పర్మిట్ ఎందుకు మాస్టారూ, ఇప్పుడంతా ఒకటే దేశం కదా, ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళండి అన్నాడోయ్ ఆఫీసరు. మద్రాసు వైపువాడు, చక్కటి ఇంగ్లీషు."

"దేవుడు చల్లగా చూడాలి ఆయన్ని," అంది అమ్మ. "రేపే వెళ్దామా?"

"అదే, ఆ ముక్క రాసిమ్మన్నాను."

"ఏ ముక్క?"

"పర్మిట్ అక్కర్లేదని. రేపు దారిలో ఎవడైనా ఆపి అడిగితే ఏం చూపిస్తాం? అక్కర్లేదని రాసివ్వడానికి పైవాళ్ళ ఉత్తరువు రావాలట. వారంలో రావచ్చన్నాడు. స్కూలు లీవు కూడా ఈలోపు తేలుతుంది."

అమ్మ ఈసారి చారు పోయలేదు. "మా అమ్మకి ఆ వారం ఎవరు రాసిస్తారండీ?" అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున్నే చాచా స్టేషను దాకా వెళ్ళి బెజవాడ రైలు ఉందని కనుక్కుని, వస్తూ టాంగా తీసుకొచ్చాడు. ఇదంతా ఆడవాళ్ళిద్దరూ గోడ దగ్గర ఎప్పుడు మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నన్ను లేపి, తలదువ్వి, చర్చి గౌను తొడిగింది అమ్మ. తాను గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుంది. ఒక చేతిలో రేకుపెట్టె, ఇంకో చేతిలో నేను. నాన్నగారు వరండాలో పేపరులో మునిగి ఉన్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాది యేసుప్రభువుని నమ్ముకున్న ఇల్లు. శకునాలన్నా దుర్ముహూర్తాలన్నా నాన్నగారికి నవ్వులాట. కాని మతం మారినంత సులువుగా నాలుక మారదు. తెలుగువాళ్ళ ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ "పోతున్నాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. ఆ మాట చెవిన పడితే ఇంట్లో ఉన్నవాళ్ళు "మంచిది, వెళ్ళిరా" అని తీరాలి. ఎక్కడికి అని అడగకూడదు, బయల్దేరినవాళ్ళని వెనక్కి పిలవకూడదు. మా ఇంట్లో లీవు తంతు ముగిశాక, చెప్పులు తొడుక్కునేటప్పుడు, ఈ మాట కూడా రోజూ నడిచేది. అది ఆయన తన తల్లి దగ్గర నేర్చుకున్నది, ఇంగ్లీషుకన్నా ముందుది.

అమ్మ ఆ రోజు పట్టా అంచున ఆగలేదు. పక్కనుంచి నడిచి, మెట్ల మీద నిలబడి, "వెళ్ళొస్తానండీ," అంది.

"మంచిది, వెళ్ళిరా," అన్నారు నాన్నగారు, పేపరులోంచి తల ఎత్తకుండా.

మేం వాకిలి దాటి టాంగా ఎక్కేసరికి ఆయనకి తట్టింది. కుర్చీ కిర్రుమంది. పేపరు చేత్తోనే గేటు దాకా పరుగెత్తుకొచ్చారు. నోరు తెరిచారు. గోడ పక్కన నిలబడి ఉన్న చాచీ, "సారూ! ఎనుక నుంచి పిలవొద్దు. మంచిగుండదు," అంది. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి మమ్మల్ని చూశారు. గ్రీకు, లాటిన్, ఎమ్మే పట్టా, హెడ్మాస్టరు, కమిటీ, మద్రాసు ఆఫీసరు, అన్నీ ఆయన వెనకాలే ఉన్నాయి. వెనక్కి పిలవడానికి మాత్రం ఆయనకి నోరు రాలేదు.

రైల్లో ఊపిరాడనంత జనం. ఏ స్టేషన్లో రైలు ఆగినా అమ్మ నడుం నిటారుగా పెట్టుకుని కూర్చునేది. ఎవరి పర్మిషన్‌తో వెళ్తున్నావని అడిగితే చెప్పడానికి జవాబు సిద్ధం చేసుకుంటోందని ఆవిడ పెదాలు కదలడం చూస్తే తెలిసేది. ఒకచోట తుపాకీ భుజాన వేసుకున్న సిపాయి మా పెట్టెలోకి ఎక్కి సూటిగా అమ్మ ముందుకొచ్చాడు. అమ్మ లేచి నిలబడింది. అతను ఏదో భాషలో రెండు చేతులూ దోసిలి పట్టి నీళ్ళడిగాడు. అమ్మ మరచెంబు వంచింది. బెజవాడ దాకా మమ్మల్ని ఎవరూ టికెట్టు తప్ప ఏమీ అడగలేదు. అన్ని వారాలు, అంతమంది పెద్దమనుషులు, అంత ఇంగ్లీషు, ఇంత ఉర్దూ కలిసి కాపలా కాసిన తలుపుకి గొళ్ళెమే లేదు.

అప్పటికన్నా ఇప్పుడు నయమంటారు నా స్టూడెంట్లు. ఏం నయమో నాకర్థం కాదు. అప్పుడు అనుమతిచ్చేవాడికి కనీసం ఒక మొహముండేది, దాన్ని చూసి అసహ్యించుకోవచ్చు. ఇప్పుడు నా ఫోన్లో టార్చి వేసుకోవాలన్నా, అది నా ఫోటోలు చూడొచ్చా, నా మాటలు వినొచ్చా అని నన్నే అడుగుతుంది. సరేనంటాను. దేనికి సరేనన్నానో చదవను. ఒకప్పుడు మేం పట్టా అంచున నిలబడి అడిగేవాళ్ళం, ఇప్పుడు ఆ ఫోన్లవాళ్ళే అడుగుతూ మనల్ని దోచుకుంటారు, ఇచ్చింది నువ్వే కదా అంటారు. మనవాళ్ళకి స్వతంత్రం ఇచ్చినా దాని మీద స్టాంపు వేయించుకోవడానికి క్యూలో నిలబడతారు. అందులో ముందు నిలబడేది నాలాంటి ఇంగ్లీషు టీచర్లే, మిగతావాళ్ళకి వరస ఎలా పాటించాలో చెప్తూ.

బెజవాడలో అమ్మమ్మ మంచం మామయ్య ఇంటి నడవలో వేశారు. మనిషి సగమైపోయింది. ఒక పక్క చెయ్యి పూర్తిగా పడిపోయింది. అమ్మ మంచం పట్టె మీద కూర్చుని ఆ చేతినే తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అమ్మమ్మ కళ్ళు తెరిచి చాలాసేపు చూసింది. గుర్తుపట్టిందని కళ్ళే చెప్పాయి. మాట ముద్దముద్దగా వస్తోందని మామయ్య, అత్తయ్య, నేను అందరం ముందుకి వంగాం. చావుబతుకుల మధ్య ఉన్న తల్లి, ఇన్నాళ్ళూ పేరు కలవరించి పిలిచిన కూతురితో మొదటిమాట ఏమంటుందో అని.

"అల్లుడుగారు పంపించారా?" అంది అమ్మమ్మ.

నా ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. నోరు తెరిచి జరిగింది జరిగినట్టు చెప్పబోయాను. అమ్మ నావైపు చూడకుండానే నా జడ పట్టుకుంది.

"ఆయనే దగ్గరుండి రైలెక్కించారమ్మా," అంది. "వద్దామనే అనుకున్నారు, బళ్ళో కుదర్లేదు."

అమ్మమ్మ మొహం విచ్చుకుంది. "మంచివాడు," అంది. ఆ నెమ్మదిలోనే నిద్రపోయింది. ఆవిడ ఆ తర్వాత కొన్నాళ్ళు ఉంది, అమ్మ చేతి గంజి తాగి, అమ్మ చేతుల్లోనే పోయింది. కాని నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ మొదటి సాయంత్రమే. అమ్మ పెరట్లోకి వచ్చి బావి దగ్గర మొహం కడుక్కుంటోంది. కడుక్కుంటున్నంతసేపూ ఏడ్చింది, అందుకని చాలాసేపు కడుక్కుంది.

"అబద్ధం చెప్పావేం?" అన్నాను.

కొంగుతో మొహం తుడుచుకుంది అమ్మ. "ఇంటికెళ్ళాక నాన్నగారికి చెప్పు, అమ్మమ్మ ఆయన్ని మంచివాడు అందని," అంది. "మిగతాది నేను చెప్తాను."